ట్రాక్ మీద నడిపే కారుకు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకు రూ.85 వేలు చేతికి వస్తుంది, ఇంటి ఖర్చు రూ.50 వేలు. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. మాకున్న ఒకే కారు 2017 నాటి స్విఫ్ట్. దాన్ని చెన్నై రేసు ట్రాక్ మీద నడపడానికి హబ్‌లు (చక్రాలను బిగించే భాగాలు), షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్పించాలని ఉంది. గ్యారేజీ వారు రూ.3 లక్షలు అవుతుందన్నారు. దాచుకున్న రూ.1.2 లక్షలు కదపకుండా వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

జవాబు: ట్రాక్‌కు తప్పకుండా వెళ్లండి. అప్పు మాత్రం చేయకండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ లాంటి చోట వేగాన్ని పద్ధతిగా నేర్చుకోవడం మంచి కోరికే. అయితే మీ లెక్క విడిభాగాల ధర దగ్గరే ఆగిపోయింది.

రూ.3 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే వాయిదా నెలకు సుమారు రూ.10,250. వడ్డీయే దాదాపు రూ.69 వేలు. కారు అమ్మేటప్పుడు ఈ మార్పులకు కొనేవారు పైసా ఎక్కువ ఇవ్వరు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది బీమా. మీ కారు పాలసీలో వాహన వినియోగ పరిమితుల భాగం చదవండి. రేసింగ్‌కు, వేగ పరీక్షలకు పాలసీ వర్తించదని అందులో ఉంటుంది. ట్రాక్ మీద కారు గోడకు కొట్టుకుంటే ఆ నష్టమంతా మీదే. బీమా సంస్థకు చెప్పకుండా మార్పులు చేస్తే, రేపు మామూలు రోడ్డు ప్రమాదంలోనూ క్లెయిమ్‌కు చిక్కు రావచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా వాహన మార్పులకు హద్దులు పెట్టింది. అందుకే ఏ మార్పుకైనా ముందు ఆర్టీఏ కార్యాలయంలో అడగండి. పాపను బడికి, ఇంట్లోవారిని ఆసుపత్రికి తీసుకెళ్లే కారు ఇదొక్కటే కదా.

నేర్చుకునే దశలో ఇంత ఖర్చు అవసరం కూడా లేదు. చక్రాలు సాఫీగా తిరిగేలా చూసే వీల్ బేరింగులు వదులు లేకుండా, శబ్దం చేయకుండా ఉంటే హబ్‌లు మార్చనక్కర్లేదు. హబ్‌కు, చక్రానికి మధ్య స్పేసర్లు అనే బిళ్లలు పెట్టి చక్రాలను బయటికి జరిపితే బేరింగులపై భారం పెరుగుతుంది. పాత షాక్ అబ్జార్బర్ల మీద పొట్టి స్ప్రింగులు వేయించడం అన్నిటికంటే చెడ్డ బేరం: డబ్బూ పోతుంది, రోడ్డు మీద కారు పట్టూ తగ్గుతుంది. మొదటి రూపాయి బ్రేకులకు పెట్టండి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాత ఆయిల్ అంతకంటే చాలా ముందే మరుగుతుంది, అప్పుడు బ్రేకు సరిగా పడకుండా పెడల్ కిందికి జారిపోతుంది. ఆయిల్, మంచి ప్యాడ్లు, అరగని టైర్లు ఉంటే మొదటి ఏడాదికి చాలు.

వాయిదాకు సిద్ధపడ్డారంటే నెలకు రూ.10 వేలు పక్కన పెట్టగలరన్న మాట. అందులో రూ.7 వేలు అత్యవసర నిధికి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్ల రెండు నెలల్లో అది మీ పొదుపుతో కలిసి రూ.3 లక్షలు దాటుతుంది. అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు. మిగతా రూ.3 వేలు ట్రాక్‌కు: ఏడాదికి రూ.36 వేలు. ఎన్నిసార్లు వెళ్లాలన్నది ఆ సొమ్మే నిర్ణయించాలి. అత్యవసర నిధి నిండాక నెలకు రూ.10 వేలూ ట్రాక్ వైపు మళ్లించి, అందుకోసమే ఒక పాత కారు కొనండి. దాన్ని పూర్తిగా పోగొట్టుకున్నా ఇల్లు తడబడనంత ధరలోనే చూడండి. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగుల మార్పులు దానికే చేయించుకోండి.

టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. దరఖాస్తులో ప్రమాదకర అలవాట్ల గురించి అడిగిన చోట ట్రాక్ విషయం దాచకుండా రాయండి.