వీఆర్ హెడ్‌సెట్‌లో రంగుల తేడా.. లోపం కంటిదా, లెన్స్‌దా?

ప్రశ్న: నా వయసు 29. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఇంటీరియర్ డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నా. కస్టమర్లకు ఫ్లాట్ రంగులు వీఆర్ హెడ్‌సెట్‌లో (కళ్లకు తగిలించుకుని చూసే తెర) చూపిస్తాం. నాకు గోడల అంచుల్లో ఎరుపు, నీలం గీతలు కనిపిస్తున్నాయి. ఇటుక ఎరుపు, ఆలివ్ గ్రీన్ టైల్స్‌కి తేడా తెలియట్లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం బొమ్మ క్వాలిటీ బాగుందని స్కోరు ఇస్తోంది. నా కళ్లలో లోపం ఉందా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. అంచుల్లో గీతలు చాలావరకు హెడ్‌సెట్ లెన్స్ వల్లే. అది నీలం కాంతిని ఎరుపు కంటే ఎక్కువగా వంచుతుంది. అందుకే హెడ్‌సెట్ ఒక్కో రంగు బొమ్మను ముందే కాస్త జరిపి చూపిస్తుంది. కనుపాప లెన్స్ మధ్యకు సూటిగా ఉంటేనే ఆ సర్దుబాటు కుదురుతుంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టి, తల కదపకుండా చూపు పక్కకు తిప్పండి. గీత కనిపిస్తే తల తిప్పి అదే అక్షరాన్ని మధ్యలోకి తెచ్చుకోండి. పోయిందంటే లెన్స్ పనే. మధ్యలోనూ ఉంటే కనుపాపల మధ్య దూరం కళ్లజోళ్ల షాపులో కొలిపించుకుని (పెద్దల్లో సగటున 63 మి.మీ.) హెడ్‌సెట్‌లో అదే పెట్టండి. పవర్ ఎక్కువున్న పాలీకార్బనేట్ కళ్లద్దాలు కూడా ఇలాంటి గీతలు తెస్తాయి.

స్కోరు చూసి నిశ్చింతగా ఉండొద్దు. అది సగటు కంటికి వేసిన లెక్క. ఇలాంటి లెక్కలకు పునాది అయిన 1931 నాటి రంగుల ప్రమాణం 17 మంది చూపును, అదీ 2 డిగ్రీల మేర కొలిచి తయారుచేసింది. చెయ్యి చాపితే బొటనవేలి గోరు కనిపించేంత జాగా అది. పక్కచూపులో రంగు గుర్తుపట్టే శక్తి తగ్గడాన్ని స్కోరు వేసే కొత్త పద్ధతులు లెక్కలోకి తీసుకుంటున్నాయి కానీ, మీ కంటి సంగతి వాటికీ తెలియదు.

నాకు ముఖ్యంగా అనిపిస్తున్నది టైల్స్ విషయమే. హెడ్‌సెట్ తీసేసి అవే శాంపిళ్లను పగటి వెలుతురులో, ఒక్కో కన్ను మూసి చూడండి. రెండూ ఒకే ముదురుదనంలో ఉండాలి. లేకపోతే ముదురు, లేత తేడాతోనే పోల్చేస్తారు. అక్కడ తేడా తెలిస్తే డిస్‌ప్లే సెట్టింగులు చూసుకోవాలి. అక్కడా తెలియకపోతే, అదీ చిన్నప్పటి నుంచీ, రెండు కళ్లకూ ఇలాగే ఉంటే అది పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. మగవాళ్లలోనే ఎక్కువ. మందు లేదు, పెరగదు కూడా. రంగు ఖరారు చేసేటప్పుడు షేడ్ కోడ్ చూసుకుంటే చాలు.

ఈమధ్యే మొదలైనా, ఒక కంటికే ఉన్నా, కన్ను కదిపితే నొప్పి వస్తున్నా ఆలస్యం చేయొద్దు; కంటి నరం వాపు కావచ్చు. టీబీకి ఇథాంబ్యుటాల్ వాడుతుంటే అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. ఆ మందు నరాన్ని దెబ్బతీస్తే ఎరుపు, ఆకుపచ్చ తేడా ముందే మసకబారవచ్చు. దాన్ని ఆపాలో లేదో డాక్టరే చెబుతారు, మిగతా టీబీ మందులు మానకండి. కంటి ఓపీలో ఇషిహారా పరీక్ష (రంగు చుక్కల్లో దాగిన అంకెలు గుర్తుపట్టడం) ఒక్కో కంటికీ విడిగా చేయమని అడగండి. అది నీలం, పసుపు లోపాన్ని పట్టుకోదు కాబట్టి వీలుంటే డి-15 పరీక్ష (రంగు బిళ్లలను వరుసలో పేర్చడం) కూడా చేయించుకోండి.