అరబ్ క్వీర్ రచనలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ బోల్తా పడతాం

ప్రశ్న: అరబ్ రచయితల్లో, కళాకారుల్లో క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వగైరా అందరినీ కలిపి పిలిచే మాట) గొంతులు ఉన్నాయా? ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఇదంతా పాశ్చాత్య దేశాల నుంచి ఈమధ్య దిగుమతైన గొడవే కదా?

పుస్తకం సంగతి తర్వాత. ముందు నెట్‌లో హాషెమ్ అల్ మదనీ అని వెతికి ఆయన తీసిన ముద్దు ఫోటోలు చూడండి. లెబనాన్‌లో బేరూత్‌కి దక్షిణాన 40 కిలోమీటర్ల దూరంలో సైదా అనే రేవు పట్టణం ఉంది. మదనీ 1953లో అక్కడ షెహ్రాజాద్ స్టూడియో తెరిచారు. ఊళ్లోవాళ్లంతా వచ్చి ఫోటోలు దిగే మామూలు స్టూడియో. 1950ల నాటి కొన్ని ఫోటోల్లో ఇద్దరు మగవాళ్లు సినిమా హీరో హీరోయిన్లలా ఒకరినొకరు పట్టుకుని ముద్దు పెట్టుకుంటూ కనిపిస్తారు. ఇద్దరు ఆడవాళ్లవీ ఉన్నాయి.

వాటిని బయటి లోకానికి చూపించింది అక్రమ్ జఆతరీ అనే కళాకారుడు. 1997లో బేరూత్‌లో మొదలైన అరబ్ ఇమేజ్ ఫౌండేషన్ అనే పాత ఫోటోల భాండారం వ్యవస్థాపకుల్లో ఒకరు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫోటో చూడగానే "ఆ కాలపు గే జంట" అని కింద రాసేస్తారు. మదనీ చెప్పింది వేరు. జనం సినిమాలు చూసొచ్చి ముద్దు సీను నటించాలని సరదాపడేవారు. ఆడా మగా కలిసి కెమెరా ముందు ఆ పని చేయడం ఆ ఊళ్లో దాదాపు కుదరదు. ఇద్దరూ మగవాళ్లో, ఇద్దరూ ఆడవాళ్లో అయితే ఇబ్బంది లేదు. అలాగని "ఒట్టి సరదా, ఇందులో క్వీర్ ఏముంది" అని కొట్టిపారేయడమూ పొరపాటే. గుట్టలకొద్దీ నెగటివుల్లోంచి సరిగ్గా వీటిని ఏరి గ్యాలరీ గోడకెక్కించింది జఆతరీ. క్వీర్ చూపు ఆ ఏరడంలో ఉంది. ఫోటోలో వాళ్ల మనసుల్లో ఏముందో ఎవరం చెప్పగలం?

ఇక పుస్తకం. అందరూ ఈజిప్టు రచయిత అలా-అల్-అస్వానీ రాసిన యకూబియన్ బిల్డింగ్ (2002) నవల చేతికిస్తారు. నేనైతే దాంతో మొదలుపెట్టమనను. అందులో హాతిమ్ రషీద్ అనే పాత్ర ఎందుకు గే అయిందంటే, అమ్మానాన్నలు పట్టించుకోలేదు, ఇంట్లో నౌకరు పాడుచేశాడు అని కారణం చూపించి, చివర్లో చంపేస్తారు. మన సినిమాల్లో చూసీ చూసీ విసిగిపోయిన లెక్కే ఇది.

లెబనాన్ రచయిత్రి హుదా బరకాత్ నవల హజర్ అల్ దహిక్ తీసుకోండి. 1990లో అరబ్బీలో వచ్చింది, ఇంగ్లీషులో ద స్టోన్ ఆఫ్ లాఫ్టర్ పేరుతో దొరుకుతుంది. బేరూత్ అంతర్యుద్ధం. ఖలీల్ అనే కుర్రాడు బాంబులు ఆగగానే చీపురు పట్టుకుని గాజు పెంకులు ఊడ్చి, ఇల్లు కడిగి, సర్దుకుంటూ కూర్చుంటాడు. నాజీని ప్రేమిస్తాడు, తర్వాత యూసఫ్‌ని. ఇద్దరూ యుద్ధంలో పోతారు. "నేను గేని" అనే ప్రకటన ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తే 50 పేజీల్లో విసుగొచ్చి మూసేస్తారు. ఆ ప్రకటన రాదు. చూడాల్సింది వేరే: తుపాకీ పట్టినవాడే మగాడు అనే ఊళ్లో, చీపురు పట్టినవాణ్ణి ఎంతకాలం బతకనిస్తారు? చివరికి ఖలీల్ కూడా ఆ "మగాళ్ల"లో కలిసిపోయి ఒక ఆడమనిషిని చెరుస్తాడు. ఓదార్పు కోసం చదివే పుస్తకం కాదు.

ఆ తర్వాత సలీమ్ హద్దాద్ నవల గువాపా (2016). ఇంగ్లీషులోనే రాశాడు, కథ ఒక్క రోజులో నడుస్తుంది. రసా అనే కుర్రాడు తన ప్రియుడితో ఉండగా నానమ్మ తాళపు కన్నంలోంచి చూసేస్తుంది. అక్కణ్నుంచి అతన్ని వెంటాడే మాట అరబ్బీ "అయ్‌బ్". అనువాదకులు దాన్ని సిగ్గు అంటారు. తెలుగువాళ్లకి అనువాదం అక్కర్లేదు, ఉర్దూ మీదుగా వచ్చిన మన "ఐబు" ఈ మాటే. సంబంధం కుదిర్చేటప్పుడు "పిల్లాడిలో ఏ ఐబూ లేదు" అంటారే, ఆ ఐబు. నానమ్మ భయం సగం అక్కడే అర్థమైపోతుంది.

మాటల దగ్గరికొచ్చాం కాబట్టి ఇంకో గొడవ. అరబ్బీ పత్రికలు చాలాకాలం వాడిన మాట "షాజ్", దారి తప్పినవాడు అని. వ్యాకరణంలో సూత్రానికి లొంగని రూపాన్నీ అదే మాటతో పిలుస్తారు. దానికి బదులు "మిథ్లీ" అనే మాటను ఉద్యమకారులు పట్టుబట్టి వాడారు. మిథ్ల్ అంటే సమానం, అలాంటిదే అని. లెబనాన్‌లో 2004లో మొదలైన హెలెమ్ అనే క్వీర్ హక్కుల సంస్థ పేరు పొడి అక్షరాల కూర్పు, అందులో చివరి "మ్" ఆ మాటదే. మనమేమో ఇంకా "స్వలింగ సంపర్కులు" దగ్గరే ఉన్నాం. మనిషిని పడకగదికి కుదించే మాట అది. అనువదించేటప్పుడు షాజ్‌కీ మిథ్లీకీ రెండింటికీ ఇదే మాట పెడితే, ఎవరు తిడుతున్నారో ఎవరు తమను తాము పిలుచుకుంటున్నారో తెలుగు పాఠకుడికి తెలియకుండా పోతుంది.

దిగుమతి గురించి అడిగారు. లెబనాన్ శిక్షాస్మృతి 534వ నిబంధన "ప్రకృతి విరుద్ధమైన" సంపర్కానికి ఏడాది వరకు జైలు అంటుంది. అది ఫ్రెంచివాళ్ల పెత్తనం (మాండేట్) ఉండగా, 1943లో వచ్చింది. 2024 దాకా ఉన్న మన పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్లోనూ అదే మాట ఉండేది, అది ఇంగ్లీషువాళ్ల చలవ. మరోవైపు అబూ నువాస్ అనే కవి మగపిల్లల మీద అరబ్బీలో ప్రేమ కవితలు రాసి 1200 ఏళ్లయింది. దిగుమతైనదేదో మీరే లెక్కేసుకోండి. ఫ్రెంచిలో రాసే మొరాకో రచయిత అబ్దుల్లా తాయియానీ చదవండి గానీ, మొరాకోలో ఫ్రెంచి డబ్బున్నవాళ్ల భాష అని గుర్తుంచుకుని చదవండి. ఆయన తండ్రి రబాత్‌లో ఒక గ్రంథాలయంలో చిన్న ఉద్యోగి.

ఆడవాళ్ల గొంతులు కావాలంటే బరీద్ మిస్తఅజిల్ అనే పుస్తకం చదవండి, అంటే ఎక్స్‌ప్రెస్ ఉత్తరం. మీమ్ అనే బృందం 2009లో బేరూత్‌లో వేసింది, 41 నిజ కథలు, రాసినవాళ్ల పేర్లు లేకుండా. అరబ్బీ, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేటప్పుడు రెండో మాట మధ్యలో 3 అంకె వేయండి. "అయిన్" అనే అక్షరానికి ఫోన్లలో అరబ్బులు వాడే గుర్తు అది, పుస్తకం అట్ట మీద కూడా అలాగే ఉంటుంది.