మూడు ముళ్లూ ఒకేసారి చివరికి పోతే…

పాత కార్ల మీటర్ల గురించి ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాం. మొదటిదానికి కాస్త పెద్ద జవాబే ఇవ్వాల్సి వచ్చింది.

ప్రశ్న: మాది 1966 ఫోర్డ్ మస్టాంగ్. తాళం తిప్పిన కాసేపటికే పెట్రోలు, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ ముళ్లు మూడూ చివరికి వెళ్లి అక్కడే నిలబడిపోతున్నాయి. ట్యాంకులో ఉన్నది సగమే, ఇంజనూ చల్లగానే ఉంది. ఆంపియర్ మీటరు మాత్రం బాగానే పనిచేస్తోంది. క్లస్టర్ (మీటర్లన్నీ బిగించి ఉండే పలక) మొత్తం మార్చాలా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్కర్లేదు. మూడు మీటర్లు ఒకే రోజు పాడవడం జరగని పని. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో చూడాలి. మీ బండిలో అది క్లస్టర్ వెనక బిగించిన చిన్న రేకు డబ్బా, అంటే వోల్టేజ్ రెగ్యులేటర్. ఆంపియర్ మీటరుకు దీనితో సంబంధం లేదు, అందుకే అది క్షేమం.

ఆ డబ్బాలో ఒక బైమెటల్ పట్టీ (రెండు లోహాలు అతికించినది, వేడికి వంగుతుంది), దానికి చుట్టిన సన్నటి తీగ, ఒక జత పాయింట్లు (ఒకదానికొకటి తగిలి కరెంటు పంపే లోహపు కొసలు) ఉంటాయి. కరెంటు వెళ్తే తీగ వేడెక్కి పట్టీ వంగుతుంది, పాయింట్లు విడిపోతాయి. చల్లారగానే మళ్లీ కలుస్తాయి. ఇలా కొట్టుకుంటూ 12 వోల్టులను సగటున 5 వోల్టులకు దించి మీటర్లకు ఇస్తుంది. పాయింట్లు అతుక్కుపోతే మీటర్లకు పూర్తి 12 వోల్టులు వెళ్తాయి, మూడు ముళ్లూ పైకి పోతాయి. పాయింట్లు కలవకపోతే మూడూ కిందే పడి ఉంటాయి. చాలామంది మరిచిపోయే మూడో కారణం డబ్బాకు ఎర్త్ (బండి బాడీ మీదుగా కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) అందకపోవడం. లోపలి తీగ కరెంటు డబ్బా ఒంటి మీదుగానే ఎర్త్‌కు పోతుంది. ఆ దారి మూసుకుంటే తీగ వేడెక్కదు, పాయింట్లు విడిపోవు. అప్పుడు కొత్త రెగ్యులేటర్ వేసినా ఇదే తంతు. కాబట్టి ముందు దాని స్క్రూ విప్పి, అది కూర్చునే చోటు తళుక్కుమనేదాకా ఎమ్రీ పేపరుతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించి చూడండి.

క్లస్టర్ తీసేముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. స్పీడోమీటర్ కేబుల్ నట్టు వెనకనుంచి వదులు చేయకుండా క్లస్టర్ లాగొద్దు, కేబుల్ మడత పడుతుంది.

రెగ్యులేటర్ అవుట్‌పుట్ దగ్గర డిజిటల్ మీటరు పెడితే అంకెలు పిచ్చిగా మారుతుంటాయి, ఏమీ అర్థం కాదు. పాత ముల్లు మీటరో, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపో పెట్టండి. ల్యాంపు వెలుగుతూ ఆరుతూ ఉంటే రెగ్యులేటర్ బతికే ఉంది. ఆరకుండా వెలిగితే పాయింట్లు అతుక్కున్నట్టు, లేదా ఎర్త్ లేనట్టు. డబ్బా విప్పి పాయింట్లు గీకి సరిచేద్దామనుకోకండి. సరిచేసినా నిలవదు.

దాని బదులు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేయడం మేలు. సొంతంగా చేసుకునే ఓపిక ఉంటే 7805 ఐసీ (స్థిరంగా 5 వోల్టులు ఇచ్చే చిప్) ఒకటి, ఇన్‌పుట్ వైపు 0.33, అవుట్‌పుట్ వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చాలు. మూడు మీటర్లూ పైన ఉన్నప్పుడు కలిపి సుమారు 0.6 ఆంపియర్ లాగుతాయి. ఇంజన్ నడిచేటప్పుడు 14 వోల్టులు వస్తాయి కనుక ఐసీ మీద 9 వోల్టులు పడి, 5 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అందుకే దాన్ని మందపాటి లోహపు పట్టీకి బిగించాలి. 7805 వీపున ఉన్న లోహం ఎర్తే కాబట్టి నేరుగా బాడీకి బిగించొచ్చు. ఇది నెగటివ్ ఎర్త్ బండ్ల మాట, అంటే బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసి ఉండేవి. పాత ఇంగ్లిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. వాటికి 79 వరస ఐసీ వాడాలి. దాని వీపు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది, మైకా ముక్క వేయకుండా బాడీకి తగిలిస్తే షార్టే.

12 వోల్టులు తిన్న మీటర్లు చెడ్డాయేమో కూడా చూసుకోండి. కొత్త రెగ్యులేటర్ వేశాక, ఒక్కో సెండర్ (ట్యాంకులోనో, ఇంజన్ మీదో ఉండి మీటరుకు కొలత పంపే భాగం) వైరు పీకి దానికీ ఎర్త్‌కూ మధ్య 10 ఓముల రెసిస్టర్ పెట్టండి. ముల్లు చివరి గీత దగ్గర ఆగాలి. 73 ఓములు పెడితే మొదటి గీతకు దిగాలి. 68, 4.7 ఓముల రెసిస్టర్లు వరసగా కలిపితే ఆ లెక్క సరిపోతుంది. 10 ఓములది కనీసం ఒక వాట్‌ది తీసుకోండి, చిన్నదైతే కాలుతుంది. ఇవి వేడితో కదిలే ముళ్లు, నెమ్మదిగా నడుస్తాయి. నిమిషం ఆగి చూడండి. మీటరు టెర్మినల్‌కు నేరుగా బ్యాటరీ తగిలించి ‘చెక్’ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే, ఆ చేతులకు మీ బండి ఇవ్వకండి.

ప్రశ్న: మా 1967 మస్టాంగ్‌లో పెట్రోలు ముల్లు ఒక్కటే లేవడం లేదు. ట్యాంకు నింపినా ఖాళీ అంటోంది. మిగతావి బాగున్నాయి. (న్యూజెర్సీ)

జవాబు: రెగ్యులేటర్ బాగుందని మిగతా ముళ్లే చెబుతున్నాయి. ఇక వెతకాల్సింది ట్యాంకు దగ్గరే. తాళం ఆపి సెండర్ వైరు పీకండి. దానికీ బాడీ మీద శుభ్రం చేసిన చోటుకీ మధ్య 10 ఓముల రెసిస్టర్ కలిపి, ఆ తర్వాతే తాళం తిప్పండి. పెట్రోలు పక్కన నిప్పురవ్వ రాకూడదు. ముల్లు నిండుకు వస్తే మీటరూ, వైరూ బాగున్నట్టే. ఇప్పుడు తాళం ఆపి, బాడీ వైపు కొసను ట్యాంకు రేకుకే తగిలించి మళ్లీ చూడండి. ఈసారి లేవకపోతే ట్యాంకుకు ఎర్త్ లేదు. మీ బండిలో ట్యాంకే డిక్కీ నేల. చుట్టూ వేసిన సీలూ, కొత్తగా కొట్టిన రంగూ కలిసి దాన్ని బాడీ నుంచి వేరుచేస్తాయి. ట్యాంకు స్క్రూ ఒకదాని కింద రంగు గీకి ఒక ఎర్త్ వైరు బాడీకి బిగిస్తే సరి, ఖర్చు పెద్దగా ఉండదు.

ఎర్త్ బాగుంటే సెండర్ విప్పక తప్పదు. అది ట్యాంకు ముందు గోడకు ఉంటుంది కాబట్టి ముందు పెట్రోలు దించాలి. లాక్ రింగును ఇత్తడి కడ్డీతోనే తట్టండి, ఇనుము వద్దు. ఇత్తడి ఫ్లోటును (పెట్రోలు మీద తేలే బుడ్డిని) చెవి దగ్గర ఊపితే లోపల గుడగుడమంటోందా? చిల్లు పడి పెట్రోలు తాగిందన్నమాట, ఇక అది తేలదు. ఆరుబయట, పొయ్యికి దూరంగా, వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటే చిల్లు. పెట్రోలు ఉన్న ఫ్లోటుకు టంకం పెట్టొద్దు, కొత్తది వేయండి.

ప్రశ్న: పాత అంబాసిడర్. ఇండికేటర్ వేసినప్పుడల్లా పెట్రోలు ముల్లు కూడా తాళం వేస్తున్నట్టు ఊగుతోంది. (రాజమహేంద్రవరం)

జవాబు: మీటర్ ప్యానెల్ ఎర్త్ వదులైంది. లైట్లన్నీ వేసి, మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీలో బాడీకి వెళ్లే టెర్మినల్ మీద, రెండోది ప్యానెల్ లోహం మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ చెడ్డట్టే. ప్యానెల్ వెనక నుంచి బాడీకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి అదనంగా లాగండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిక పట్టీ తుప్పు పట్టిందేమో అదీ చూడండి.

ప్రశ్న: 1964 ఎమ్‌జీబీ. నీళ్ల టెంపరేచర్ ముల్లు చలిలోనూ, గంట నడిపాకా అడుగునే ఉంటోంది. వైర్లు ఎక్కడా కనిపించడం లేదు. (హైదరాబాద్)

జవాబు: వైర్లు ఉండవు. ఇంజన్ హెడ్‌లోని బల్బు (దీపం కాదు, వేడిని పసిగట్టే లోహపు కొస) నుంచి మీటరు దాకా సన్నని రాగి గొట్టం వెళ్తుంది. లోపల ఈథర్ ఉంటుంది. అది వేడికి ఆవిరై ఒత్తిడి పెరిగితే ముల్లు లేస్తుంది. గొట్టం ఎక్కడ చిట్లినా ఈథర్ పోయి మీటరు చచ్చిపోతుంది. బల్బు తీసి మరిగే నీళ్లలో పెట్టి చూడండి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి, ఆ తేడా గుర్తుంచుకోండి. ముల్లు కదలకపోతే టేపు చుట్టినా, టంకం వేసినా లాభం లేదు. ఈథర్ మళ్లీ నింపే నిపుణులకే పంపాలి. కదిలితే మాత్రం మీటరు మంచిదే, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపే వాల్వు) తెరుచుకుని ఉండిపోయిందేమో చూడండి. బల్బు నట్టు విప్పేటప్పుడు రాత్రంతా తుప్పు వదిలించే నూనె పోసి ఉంచి, గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకునే తిప్పండి. నట్టుతో పాటు గొట్టం మెలిపడితే అప్పటిదాకా బాగున్న మీటరు కూడా అక్కడే పోతుంది.