టెక్ సందేహాలు: రేంజ్‌ఫైండర్‌పై ఎస్‌ఎల్‌ఆర్ లెన్సు, లోహపు రింగుకూ ఒక యాప్

ప్రశ్న: నాన్నగారు వాడిన నికాన్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల ఎఫ్ మౌంట్ (లెన్సు బిగించే అమరిక) లెన్సులు రెండున్నాయి, 28, 50 మి.మీ. సెకండ్ హ్యాండ్‌లో లైకా ఎం9 అనే రేంజ్‌ఫైండర్ కెమెరా కొన్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన అడాప్టర్‌తో లెన్సులు చక్కగా బిగుసుకున్నాయి కానీ, ఫోకస్ రింగు ఎంత తిప్పినా వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకటి కావడం లేదు. కెమెరా పాడైందా? అడాప్టర్ డబ్బాలో ఒక కార్డు ఉంది. దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ వేసుకుంటే ‘కాలిబ్రేషన్’ జరుగుతుందట. వేసుకోమంటారా?

వేసుకోవద్దు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. కెమెరాకు ఏమీ కాలేదు, అడాప్టర్ కూడా తన పని తాను చేస్తూనే ఉంది. బిగుసుకుంది కాబట్టి అన్నీ పనిచేయాలనే లెక్కతో నాకు వస్తున్న ఉత్తరాలకు అంతే లేదు.

లెన్సు తీసి మౌంటులోకి చూడండి. లోపల పైభాగంలో ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని వేలితో మెల్లగా నొక్కుతూ వ్యూఫైండర్‌లో చూస్తే మధ్యలోని జోడు బొమ్మ పక్కకు జరుగుతుంది. ఆ రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. ఎం మౌంట్ (లైకా సొంత అమరిక) లెన్సు వెనుక ఉండే లోహపు అంచు, మీరు ఫోకస్ తిప్పినప్పుడల్లా ఆ చక్రాన్ని ముందుకూ వెనక్కూ నడుపుతుంది. రేంజ్‌ఫైండర్‌కు లెన్సు సంగతి తెలిసే దారి అదొక్కటే. ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు చూపే బొమ్మనే అద్దం ద్వారా నేరుగా చూస్తాం కాబట్టి ఆ లెన్సులకు ఇలాంటి అంచు అవసరం పడలేదు. ఇప్పుడు మీరు రింగు తిప్పితే లెన్సులో ఫోకస్ మారుతుంది, చక్రం కదలదు. ఎవరికి వారే యమునా తీరే. చక్రాన్ని నడిపే ఏర్పాటున్న అడాప్టర్లు కొన్ని లెన్సులకు దొరుకుతాయి. వాటి ధర వేరు. మీరు కొన్నది ఖాళీ గొట్టం.

ఆ గొట్టం చేసే పని దూరం సరిచేయడమే. నికాన్ ఎఫ్ లెన్సు సెన్సర్‌కు 46.5 మి.మీ. ముందు కూర్చోవాలి, ఎం మౌంట్ 27.8 మి.మీ. దూరంలో ఉంటుంది. తేడా 18.7 మి.మీ. అడాప్టర్ మందం కచ్చితంగా అంతే ఉండాలి, కానీ చవక అడాప్టర్లు తరచూ అంతకన్నా పలుచగా ఉంటాయి. మందం పెరిగితే ఇన్ఫినిటీ, అంటే చాలా దూరాన ఉన్నవాటి మీద ఫోకస్, అందదు, కొన్నవాళ్లు వెంటనే వెనక్కి పంపిస్తారు. తగ్గితే చాలామంది గమనించరు.

మీలాంటివారికి దెబ్బ తగిలేది ఇక్కడే. 2009లో వచ్చిన ఎం9లో లైవ్ వ్యూ (లెన్సు చూపే బొమ్మను తెర మీద చూపే సదుపాయం) లేదు. 2012లో ప్రకటించిన ఎం టైప్ 240లో అది వచ్చింది, అలాంటి కెమెరా ఉన్నవారు తెర మీద బొమ్మ పెద్దది చేసి ఫోకస్ చూసుకుంటారు, వారికి ఈ గొడవే లేదు. మీరు మాత్రం దూరం అంచనా వేసి, లెన్సు మీది అంకెలను నమ్మి తీయాలి. అడాప్టర్ 0.1 మి.మీ. తగ్గిందనుకోండి, అంటే మామూలు జిరాక్స్ కాగితం మందమంత. 50 మి.మీ. లెన్సును 3 మీటర్ల దగ్గర పెడితే అసలు ఫోకస్ దాదాపు 3.4 మీటర్ల దగ్గర పడుతుంది. అపర్చర్‌ను (కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8కి తగ్గిస్తే స్పష్టంగా ఉండే లోతు పెరిగి ఈ తేడా అందులో కలిసిపోతుంది. 28 మి.మీ. లెన్సుతో అదే 3 మీటర్లు పెడితే ఫోకస్ 4.8 మీటర్లకు పోతుంది! వైడ్ లెన్సు కాబట్టి తప్పులు కప్పేస్తుందనే ధీమా అడాప్టర్ విషయంలో పనికిరాదు. పొరపాటు ఎక్కువ కనిపించేది దాంతోనే.

పరీక్ష తేలిక. 28 మి.మీ. లెన్సును అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఒక ఫొటో ఇన్ఫినిటీ గుర్తు దగ్గర, మరికొన్ని రింగును కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ తీయండి. ఇన్ఫినిటీ దగ్గర మసకగా, 8 మీటర్ల గుర్తు దగ్గర స్పష్టంగా వస్తే అడాప్టర్ ఆ 0.1 మి.మీ. పలుచనే. స్క్రూలతో విడదీయగలిగే అడాప్టరైతే మధ్యలో సన్నని ఇత్తడి రేకు పెట్టించవచ్చు. లేకపోతే మార్చండి. సరిచేశాక 28 మి.మీ. లెన్సును ఎఫ్/8లో 3.3 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 1.65 మీటర్ల నుంచి ఇన్ఫినిటీ దాకా అంతా అందుతుంది, వీధుల్లో ఫొటోలకు అది చాలు. 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్సుతో మీటరు దూరంలో మనిషి ముఖం తీయాలన్న ఆశ మాత్రం వదులుకోండి. అక్కడ స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్ల చిల్లర, దాన్ని అంచనాతో పట్టలేరు.

ఇక ఆ కార్డు సంగతి. ఎం మౌంటులో ఎలక్ట్రానిక్ కాంటాక్టులే లేవు. 2006 నుంచి వస్తున్న డిజిటల్ ఎం కెమెరాలు లెన్సు అంచున ఉండే ఆరు నలుపు తెలుపు గుర్తులను కాంతితో చదువుతాయి, అంతే. మీ అడాప్టర్‌లో చిప్పు లేదు, తీగ లేదు. యాప్ దేన్ని కాలిబ్రేట్ చేస్తుంది? లోహాన్నా?

క్యూఆర్ కోడ్ ప్లే స్టోర్‌కు కాకుండా ఏపీకే ఫైలుకు (స్టోర్ బయటి నుంచి నేరుగా వేసుకునే యాప్‌కు) తీసుకెళ్తే అక్కడే ఆగిపోండి. పెళ్లి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో వస్తున్న ఏపీకేలతో ఖాతాలు ఖాళీ అయిన వార్తలు చదువుతూనే, డబ్బాలో అచ్చు కాగితం మీద వస్తే నమ్మేస్తున్నాం. ఆ యాప్ ఎస్‌ఎంఎస్ అనుమతి అడిగిందంటే మీ ఓటీపీలు చదవగలదు. యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చారంటే తెర మీద ఉన్నది చూడగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. లొకేషన్ అడిగితే మాత్రం వెంటనే మోసమని తేల్చలేం: ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకడానికే ఆ అనుమతి కావాల్సి వచ్చేది, 12 నుంచి దానికి వేరే అనుమతి పెట్టారు. మోటారున్న అడాప్టర్లు కొన్నిటికి నిజంగానే బ్లూటూత్ యాప్ ఉంటుంది. వాటికైనా మీ మెసేజ్‌లతో ఏం పని?

ఇప్పటికే వేసుకున్నవారు ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. యాక్సెసిబిలిటీలో, డివైస్ అడ్మిన్ జాబితాలో దాని అనుమతులు తీసేసి, తర్వాత యాప్‌ను తొలగించండి. తొలగడానికి మొండికేస్తే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే దారి. పాస్‌వర్డులు మరో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయాలి, ఈ పనిలో గంట ఆలస్యం కూడా ఖరీదే.

అసలు నా కోపం మోసగాళ్ల మీద కన్నా, ఈ అలవాటు నేర్పిన పద్ధతి గల తయారీదారుల మీద. బరువు తూచే యంత్రానికి యాప్, నీళ్ల సీసాకు యాప్, బల్బు వెలగాలంటే లాగిన్. డబ్బా విప్పగానే కోడ్ స్కాన్ చేయడం మనకు అలవాటు చేసింది వీళ్లే. వారంటీ కార్డు మీద ఫోన్ నంబరుకు చోటుండదు, క్యూఆర్‌కు మాత్రం అరచేయంత చోటు. కొత్త అప్‌డేట్ అంటారు, అది దేన్ని సరిచేసిందో ఒక్క వాక్యం రాయరు. ఇలా పెంచిన జనానికి, గొట్టానికి కూడా సాఫ్ట్‌వేర్ కావాలేమో అనిపిస్తే తప్పు పట్టలేం. మీరైనా స్కాన్ చేయకుండా ఉత్తరం రాశారు, అదే నయం.

ప్రశ్న: కానన్ ఈఎఫ్ 50 మి.మీ. లెన్సును అడాప్టర్‌తో లైకా ఎం10కి తగిలించాను. లైవ్ వ్యూలో ఫోకస్ బాగానే ఉంది. అపర్చర్ మారదేం?

మారదు. ఈఎఫ్ లెన్సులకు అపర్చర్ రింగు లేదు. 1987లో ఆ మౌంట్ వచ్చినప్పటి నుంచీ అపర్చర్‌ను కెమెరా ఇచ్చే కరెంటుతోనే నడుపుతున్నారు, ఎం మౌంట్ ఆ కరెంటు ఇవ్వదు. మీ లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. రింగు లేని నికాన్ జీ లెన్సుతో దీనికి తలకిందులు: మామూలు అడాప్టర్ మీద అది పూర్తిగా మూసుకునే ఉంటుంది, కానీ వాటికి అపర్చర్‌ను నడిపే లివర్‌ను కదిపే రింగున్న అడాప్టర్లు దొరుకుతాయి. కానన్ కెమెరా మీద డెప్త్ ఆఫ్ ఫీల్డ్ బటన్ (అపర్చర్‌ను ముందే మూసి చూపేది) నొక్కి పట్టుకుని లెన్సు ఊడదీస్తే అపర్చర్ ఆ స్థానంలోనే నిలిచిపోతుందనే చిట్కా పనిచేస్తుంది గానీ, అపర్చర్ మార్చాలనుకున్న ప్రతిసారీ రెండో కెమెరా వెంట ఉండాలి. ఆ ఈఎఫ్‌ను దాని సొంత కెమెరాకే వదిలేసి, ఎం10 కోసం రింగున్న పాత మాన్యువల్ లెన్సు కొనుక్కోండి.