దగ్గరి ఉద్యోగం సరే, ఆరు నెలలు బీమా ఎవరిస్తారు?

ప్రశ్న: నా వయసు 38. వనస్థలిపురం నుంచి గచ్చిబౌలికి రానూపోనూ నాలుగు గంటలు పడుతోంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి మళ్లీ ఆటో. జీతం చేతికి 78,000. ఆదిభట్లలో 62,000కు ఉద్యోగం వచ్చింది, నెలలో చేరమంటున్నారు. నోటీసు గడువు మూడు నెలలు. మిగిలిన రోజులకు 1.4 లక్షలు కట్టి, 60,000తో స్కూటర్ కొనడానికి 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటున్నాను. ఇంటి రుణం వాయిదా 24,000. పొదుపు 40,000. కొత్త చోట ఆరోగ్య బీమా ఆరు నెలల ప్రొబేషన్ తర్వాతేనట. అమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. నా నిర్ణయం సరైనదేనా?

జవాబు: ఉద్యోగం మారడం సరైనదే. రోజుకు నాలుగు గంటలు రోడ్డుకు ధారపోస్తూ ఎన్నాళ్లని నెట్టుకొస్తారు? కానీ బీమా సంగతిని మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటేశారు. ఉద్యోగం మారేవాళ్లలో చాలామంది చేసే తప్పే ఇది. అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

పాత కంపెనీ పాలసీ సాధారణంగా మీ ఆఖరి పనిదినంతో ముగుస్తుంది. ఈ-కార్డు ఫోనులో అలాగే ఉంటుంది. ఆసుపత్రి బీమా కౌంటర్‌లో నంబరు కొట్టి చూస్తే మాత్రం పాలసీ లేదని వస్తుంది. మరుక్షణం అడ్వాన్సు కట్టమంటారు. అప్పుడు మీ దగ్గరున్నది ఆ 40,000.

కాబట్టి మానేయకముందే, ఉన్న బీమా సంస్థలోనే, కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న గ్రూప్ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారతామని దరఖాస్తు చేయండి. నిబంధనలు ఆ వీలు కల్పిస్తున్నాయి. ఇప్పటిదాకా గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన గడువులో, కలిసివస్తుంది. ఇది మీ అమ్మగారికి చాలా ముఖ్యం. కొత్తగా పాలసీ తీసుకుంటే షుగర్ సంబంధిత చికిత్సలకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. ఆవిడకు విడిగా తీసుకోండి. అందరినీ ఒకే ఫ్లోటర్‌లో, అంటే ఇంటిల్లిపాదీ ఒకే బీమా మొత్తాన్ని పంచుకునే పాలసీలో, కలిపితే పెద్దావిడ వయసును బట్టి ప్రీమియం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు, ఖరీదన్న సాకు కొంత తగ్గింది. కొత్త కంపెనీ బీమా వచ్చాక కూడా దీన్ని వదలొద్దు.

ఇక ఆ లోన్. 15 శాతం వడ్డీకి రెండేళ్లలో తీర్చాలంటే వాయిదా దాదాపు 9,700. జీతంలో 16,000 తగ్గుతుంది. ప్రయాణ ఖర్చులో 5,000 మిగులుతుందనుకున్నా నెలకు 20,700 లోటు! 62,000లో 33,700 వాయిదాలకే పోతే ఇల్లు ఎలా నడుస్తుంది? జీతం తగ్గే నెలలోనే అప్పు చేయడం, అదీ స్కూటర్ కలిపి, నాకు మింగుడుపడని లెక్క. స్కూటర్ ఆగుతుంది, బస్సులో వెళ్లండి. మిగిలిన సెలవులను నోటీసులో సర్దమని పాత కంపెనీని అడగండి. మరో నెల గడువో, నోటీసు సొమ్ములో కొంతో ఇమ్మని కొత్తవాళ్లను అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

పీఎఫ్ తీయకండి, కొత్త ఖాతాకు బదిలీ చేయించండి.

రాజీనామా పంపారో లేదో మీరు రాయలేదు. పంపకపోతే బీమా దరఖాస్తు అయ్యేదాకా ఆగండి. పంపేసి ఉంటే, మీ పాలసీ సరిగ్గా ఏ తేదీతో ముగుస్తుందో ఈ రోజే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి.