వాట్సాప్ గ్రూపులో ఒక మాట... లెస్టర్ పోలీసులు పిలిచారు, నా వీసా ఉంటుందా?

ప్రశ్న: లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను, స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఇల్లు ఖాళీ చేస్తే ఓనర్ డిపాజిట్ తిరిగి ఇవ్వలేదు. ఆయన వేరే చోట ఉంటాడు. ఆ కోపంలో మా తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో ఆయన్నీ, ఆయన మతం వాళ్లనీ కలిపి బూతులు తిట్టి, 'ఒక్కొక్కడి కాళ్లు విరగ్గొట్టాలి' అని రాశాను. గ్రూపులోని వాళ్లే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఆయనకి పంపారు. పోలీసులు ఫోన్ చేసి వచ్చే వారం 'వాలంటరీ ఇంటర్వ్యూ'కి రమ్మన్నారు. బ్రిటన్‌లో మాట్లాడే స్వేచ్ఛ ఉంది, అందులోనూ ప్రైవేటు గ్రూపు, ఏమీ కాదని ఫ్రెండ్స్ అంటున్నారు. వెళ్లాలా? లాయర్ కావాలా? వీసా పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది, ఇంట్లో చెప్పలేదు. (పేరు వద్దు)

జవాబు: ముందు ఫోన్ సంగతి. ఆ మెసేజ్ గానీ, ఆ గ్రూపు గానీ డిలీట్ చేయకండి. పోలీసులు పిలిచాక చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశారని కొత్త కేసు మీద పడవచ్చు, అది ఇప్పుడున్న దానికంటే పెద్ద నేరం. స్క్రీన్‌షాట్ ఎలాగూ వాళ్ల దగ్గరుంది. ఆ మాటకు ముందూ వెనకా ఏం నడిచిందో చూపించేది మీ దగ్గరున్న చాటే. ఓనర్‌కి ఫోన్ చేసి బతిమాలడం, స్క్రీన్‌షాట్ పంపిందెవరో తేల్చుకోవాలని గ్రూపులో నిలదీయడం కూడా వద్దు. సాక్షుల మీద ఒత్తిడి తెచ్చారంటారు.

మాట్లాడే స్వేచ్ఛ గురించి మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజం. బ్రిటన్‌కు మనలా ఒకచోట రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేదు. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని 10వ ఆర్టికల్‌ను 1998 నాటి మానవ హక్కుల చట్టం ద్వారా తమ కోర్టుల్లోకి తెచ్చుకున్నారు. 2000 అక్టోబరు నుంచి అది అమల్లో ఉంది. ఆ ఆర్టికల్ మొదటి పేరాలో హక్కు ఇచ్చి, రెండో పేరాలో ఇతరుల హక్కులు, శాంతిభద్రతలు, నేరాల నివారణ కోసం అవసరమైన మేరకు ఆంక్షలు పెట్టవచ్చంటుంది. మన రాజ్యాంగంలోని 19(1)(ఎ), 19(2) కలిపి చదివినట్టే ఉంటుంది. పోలీసులూ ప్రాసిక్యూటర్లూ దీనికి కట్టుబడాల్సిందే, కాబట్టి కేసు పెట్టాలా వద్దా అన్న దగ్గర్నుంచి మీ లాయర్ ఈ హక్కును వాడుకోవచ్చు. అంతేగానీ దీన్ని చూపించి ఇంటర్వ్యూనే తప్పించుకోలేరు.

ఇక ప్రైవేటు గ్రూపన్న మాట. 2003 కమ్యూనికేషన్స్ చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పబ్లిక్ నెట్‌వర్క్ మీద తీవ్రంగా అభ్యంతరకరమైన మెసేజ్ పంపితే ఆరు నెలల దాకా జైలు. నెట్‌వర్క్ పబ్లిక్ అయితే చాలు, గ్రూపులో ఎంతమంది ఉన్నారన్నది లెక్కలోకి రాదు. లండన్‌లో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఎవరో ఆ టవర్ అట్టబొమ్మను మంటల్లో వేసి నవ్వుతుంటే, ఒకతను వీడియో తీసి వాట్సాప్‌లో పంచాడు. కింది కోర్టు అతన్ని వదిలేసింది. 2021లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, చివరికి అతనికి సస్పెండెడ్ (వెంటనే లోపల పెట్టని) జైలు శిక్ష పడింది.

అంతకుముందు కేసు మీ లెస్టర్‌షైర్‌దే. ఒకాయన స్థానిక ఎంపీ ఆఫీసుకు పదే పదే ఫోన్ చేసి జాతి పేరుతో బూతులు తిట్టేవాడు. విన్న ఉద్యోగుల్లో అందరూ నొచ్చుకోలేదు. అయినా 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు), మెసేజ్ పంపడంతోనే నేరం పూర్తవుతుందని, ఎవరు చదివారు, ఎవరు బాధపడ్డారన్నది ముఖ్యం కాదని తేల్చింది. మన ఐటీ చట్టం 66ఎ లోనూ ఇలాంటి మాటలే ఉండేవి. 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం ఈ బ్రిటిష్ తీర్పును కూడా పరిశీలించి, అంత అస్పష్టమైన మాటల మీద మనిషిని జైల్లో పెట్టకూడదని 66ఎ ని కొట్టేసింది. నన్నడిగితే 127వ సెక్షన్‌కి కూడా అదే గతి పట్టాల్సింది. కానీ బ్రిటన్ కోర్టులకు పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం లేదు. 10వ ఆర్టికల్‌కు తగ్గట్టు చదవగలవు, కుదరకపోతే పొసగడం లేదని ప్రకటించగలవు, అంతే. అందుకని ఆ సెక్షన్ ఇంకా బతికే ఉంది.

అలాగని ప్రతి కోపం మాటా నేరమైపోదు. 2010లో మంచు వల్ల ఎయిర్‌పోర్టు మూసేస్తే, దాన్ని పేల్చేస్తానని ఒక కుర్రాడు ట్విటర్‌లో జోకేశాడు. శిక్ష పడింది, జరిమానా కట్టాడు, ఉద్యోగం పోయింది. 2012లో హైకోర్టు అది చదివిన ఎవరికీ నిజంగా భయం పుట్టదని శిక్ష రద్దు చేసింది. మతాన్ని విమర్శించడం, ఎగతాళి చేయడం, చివరికి తిట్టడం కూడా మతద్వేషం రెచ్చగొట్టడం కిందికి రాదని 1986 పబ్లిక్ ఆర్డర్ చట్టంలోనే రాసుంది. మీ మెసేజ్‌లో నన్ను కలవరపెట్టేది ఆ కాళ్లు విరగ్గొట్టే మాట. 2023 ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం ప్రకారం తీవ్రంగా గాయపరుస్తానని బెదిరించే మెసేజ్‌కు ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే చదివినవాళ్లు నిజంగానే భయపడాలని ఉద్దేశించి గానీ, భయపడతారని తెలిసీ లెక్కచేయక గానీ పంపి ఉండాలి. మీరు ఓనర్‌కి పంపలేదు, ఆయన చూస్తాడనీ అనుకోలేదు. మీ వాదనకు బలం అక్కడే ఉంది. మతాన్ని లాగడం మాత్రం మీకు వ్యతిరేకం, ఏ నేరం రుజువైనా దాని వల్ల శిక్ష పెరుగుతుంది. (ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్ చట్టాలు వేరు.)

ఇక స్టేషన్‌లో ఆ గంట. మీ కేసు చాలావరకు అక్కడే తేలిపోతుంది. వాలంటరీ అంటే మిమ్మల్ని అరెస్టు చేయలేదని, మధ్యలో లేచి రావచ్చని అర్థం. అసలు వెళ్లకపోతే అరెస్టు చేసే అవకాశం ఉంది, కాబట్టి వెళ్లండి. లాయర్ లేకుండా మాత్రం వెళ్లొద్దు. సొలిసిటర్ (లాయర్) సహాయం అక్కడ పూర్తిగా ఉచితం, మీ ఆదాయంతో పని లేదు. స్టూడెంట్ వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదు కదా అని భయపడతారేమో, ఈ ఉచిత లాయర్ సాయం (లీగల్ ఎయిడ్) ఆ లెక్కలోకి రాదు. ఫోన్ చేసిన ఆఫీసర్‌కు డ్యూటీ సొలిసిటర్ కావాలని, ఇంగ్లిష్‌లో తడబడతాననుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కూడా కావాలని ఇప్పుడే చెప్పండి. అదీ ఉచితమే. తేదీ కుదరకపోతే మార్చమని అడగండి.

రికార్డర్ ఆన్ చేశాక ఒక హెచ్చరిక చదువుతారు: మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, కానీ తర్వాత కోర్టులో ఆధారపడే విషయాన్ని ఇప్పుడు చెప్పకపోతే మీ వాదనకు దెబ్బ తగలవచ్చు అని. మన దగ్గర నోరు మెదపకపోతే దాన్ని నేరానికి రుజువుగా చూడరు. అక్కడ 1994 చట్టం ప్రకారం జడ్జి గానీ, జ్యూరీ గానీ మౌనాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. అందుకని మాట్లాడాలా, రాసిచ్చిన స్టేట్‌మెంట్ చదివి ఊరుకోవాలా అన్నది సొలిసిటర్‌తో విడిగా కూర్చుని తేల్చుకోవాలి. ఆఫీసర్ మర్యాదగా టీ ఇచ్చి 'జస్ట్ చాట్' అంటే కరిగిపోయి అంతా చెప్పేయకండి. ఫోన్ పిన్ అడిగినా లాయర్‌ని అడక్కుండా ఇవ్వకండి, కాదనీ అనకండి.

చివర్లో 'కాషన్ తీసుకుంటే ఇవాళే ఇంటికి వెళ్లిపోవచ్చు' అనవచ్చు. మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. కాషన్ అంటే నేరం ఒప్పుకున్నట్టు. కోర్టు ఉండదు, జరిమానా ఉండదు, కానీ రికార్డులో చేరుతుంది. రేపు వీసా అప్లికేషన్‌లో అడిగినప్పుడు చూపించాలి, దాస్తే అబద్ధమాడారన్న కారణంతోనే తిరస్కరిస్తారు. మీకు వాదించే చోటుంటే అరగంట తొందరకి దానిమీద సంతకం పెట్టొద్దు.

వీసా విషయానికొస్తే, ఇంటర్వ్యూకి పిలిచినంత మాత్రాన పోదు. 12 నెలలు గానీ, అంతకు మించి గానీ జైలు పడితే 2007 చట్టం కింద దేశం నుంచి పంపేస్తారు. మీ మెసేజ్‌కి అంత దూరం వెళ్తుందనుకోను. నాకు ఎక్కువ భయం మీ యూనివర్సిటీ వైపు. క్రమశిక్షణ చర్య కింద మిమ్మల్ని తీసేస్తే వాళ్లు హోం ఆఫీసుకు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) చెప్పాలి. అప్పుడు వీసాను సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. యూనివర్సిటీ నుంచి లెటర్ వస్తే జవాబు రాసే ముందు సొలిసిటర్‌కి చూపించండి, స్టూడెంట్స్ యూనియన్ సలహాదారు సాయం అడగండి. వాట్సాప్‌లో వీసా సలహాలిచ్చే కన్సల్టెన్సీ అన్నల జోలికి పోవద్దు. అనుమతి లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం అక్కడ నేరం. ఇంట్లో కూడా చెప్పండి, వేరే ఎవరో ఊళ్లోకి మోసేలోపు.

డిపాజిట్ మాత్రం వదులుకోకండి. ఓనర్ అదే ఇంట్లో ఉండడంటున్నారు కాబట్టి, ఆ డబ్బును తీసుకున్న 30 రోజుల్లో డిపాజిట్లను కాపాడే, ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీములో పెట్టి ఉండాలి. పెట్టలేదని తేలితే కౌంటీ కోర్టు డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా పెనాల్టీ వేయగలదు. స్కీముల వెబ్‌సైట్లలో ఇప్పుడే చూసుకోండి. ఆయనకు రాయాల్సిన లెటర్ మీ పేరుతో కాకుండా, ఈ కేసు ఒక కొలిక్కి వచ్చేదాకా, లాయర్ ద్వారానే వెళ్లనివ్వండి.