సిరామిక్ అంటే టైల్సే కాదు, కానీ దారి పొడుగు

ఒంగోలు నుంచి ఒక తండ్రి అడిగారు: "జోసా కౌన్సెలింగ్‌లో మా అమ్మాయికి ఎన్ఐటీ రూర్కెలాలో సిరామిక్ ఇంజనీరింగ్ వచ్చింది. మంటలంటుకోని బ్యాటరీలు చేస్తానంటోంది. మా బావమరిదేమో అది టైల్స్, వాష్ బేసిన్ల చదువు, ఇక్కడే మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ కొనండి అంటున్నాడు. ఏం చేయమంటారు?"

మీ బావమరిదిగారి మాటలో సగం నిజముందండీ. బీటెక్‌తో ఆపేస్తే ఈ బ్రాంచిలో దొరికేవి ఎక్కువగా స్టీల్ ప్లాంటు కొలిముల ఇటుకలు, టైల్స్, గాజు ఉద్యోగాలే. వాటికేం తక్కువ లేదు గానీ మీ అమ్మాయి కోరుకుంటున్నది అది కాదు.

ఫోన్లు, స్కూటర్ల బ్యాటరీల్లో లిథియం అయాన్లు తిరిగే ద్రవానికి మండే గుణం ఉంది. ప్లస్, మైనస్‌ల మధ్య ఉండే ప్లాస్టిక్ పొర వేడికి ముడుచుకుపోతే లోపల షార్టయి ఆ ద్రవం అంటుకోవచ్చు, అందుకే చాలా సెల్స్‌లో ఇప్పటికే ఆ పొర మీద అల్యూమినా అనే సిరామిక్ పూత వేస్తున్నారు. ఇక అసలు ఆశ ఏంటంటే, ద్రవాన్నే తీసేసి దాని చోట సిరామిక్ పలక పెట్టడం. అలా పనికొచ్చే ఎల్ఎల్‌జెడ్‌ఓ (లిథియం, లాంథనం, జిర్కోనియం కలిసిన ఆక్సైడ్) అనే పదార్థాన్ని 2007లో జర్మనీ నుంచి ప్రకటించిన ముగ్గురిలో మురుగన్, తంగదురై మన దేశం వాళ్లే.

వినడానికి బాగుంటుంది, చేయడం మాత్రం ఓపిక పరీక్ష. లాంథనం ఆక్సైడ్ గాల్లో తేమ పీల్చేస్తుంది కాబట్టి ముందు కాల్చి ఆరబెట్టాకే తూచాలి. పొడులన్నీ మిల్లులో నూరి, బిళ్లగా నొక్కి, 1100-1200 డిగ్రీల దగ్గర కాలుస్తుంటే లిథియం ఆవిరైపోతుంది, అందుకని ముందే కాస్త ఎక్కువ వేసుకోవాలి. ఇంత చేశాక బిళ్లను బయట వదిలేస్తే గాలి తగిలి పైన కార్బొనేట్ పొర పడుతుంది. అదీ దాటితే, ఛార్జ్ చేసేటప్పుడు లిథియం సన్నటి తీగల్లా రేణువుల సందుల్లోంచి దూరి బిళ్లను చీల్చేస్తుంది. ఈ చిక్కు ఇంకా పూర్తిగా విడలేదు, మీ అమ్మాయికి పనంటూ ఉండేది కూడా అక్కడే.

అంటే బీటెక్ తర్వాత ఎంటెక్, చాలావరకు పీహెచ్‌డీ కూడా. డబ్బు గురించి టెన్షన్ వద్దు: గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400, పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధనా కేంద్రం లాంటి చోట్ల ఈ పదార్థాల పనులు జరుగుతున్నాయి. కానీ పాతికేళ్లు దాటాక కూడా "ఇంకా చదువేనా" అనే మాట ఇంట్లో వినబడకూడదు, అది మీ చేతుల్లో ఉంది. కొలిమి దగ్గర కూర్చుని పదోసారి పగిలిన బిళ్లను మళ్లీ చేయడం ఆమెకు ఇష్టమో కాదో అది ఆమె చేతుల్లో ఉంది, అడగండి. బ్యాటరీ అనే మాట మీద మోజే అయితే వద్దు.

నేనైతే లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు కొనను. ఎన్ఐటీలకు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎలాగూ వస్తాయి, మనసు మారినా కోడింగ్ నేర్చుకుని అటు వెళ్లొచ్చు. ఈ రంగానికి సిరామిక్ ఒక్కటే గుమ్మం కూడా కాదు. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో మెటలర్జీ చదివినా చేరుకోవచ్చు, పైగా ఏపీ వాళ్లకు అక్కడ హోమ్ స్టేట్ కోటా ఉంది. ఆప్షన్లలో దాన్ని రూర్కెలా కంటే పైన పెట్టి ఉంటే, ఇప్పుడు ఫ్రీజ్ (ఈ సీటే ఖాయం) కాకుండా ఫ్లోట్ (ఇది ఉంచుకుని, పై ఆప్షన్ వస్తే మారతాం) నొక్కండి.